డ్రాగన్ ఏ దారిన లోపలికొచ్చింది?

తాళాలక్క గురించి రాయమంటే ఎవరైనా ముందు ఆమె చక్రాల కుర్చీతో మొదలుపెడతారు. నేను ఆమె నోటితో మొదలుపెడతాను. ఆ కుర్చీ వల్ల ఇంతవరకు ఎవరికీ దెబ్బ తగల్లేదు. నోటి వల్ల తగిలినవాళ్ళు మాత్రం వీధి నిండా ఉన్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

నాది మందుల షాపు. ఆమె కొట్టు నా షాపుకి నాలుగు గుమ్మాల అవతల ఉంటుంది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల లోతు. మూడు గోడలకీ మేకులు, మేకులకి గాట్లు పెట్టని తాళంచెవులు వందలకొద్దీ, మధ్యలో వాటిని కోసే మిషను, దాని ముందు ఆమె. ఒకప్పుడు ఆ గుమ్మం ముందు ఒక మెట్టు ఉండేది. అద్దెకి దిగిన రోజే దాన్ని పగలగొట్టించి సిమెంటుతో ఏటవాలుగా చేయించింది. ఇంటాయన ఒంటికాలి మీద లేచాడు. "రెండో కాలు కూడా ఎత్తండి బాబూ, మెట్టు మాత్రం మళ్ళీ రాదు" అంది. ఆయన రెండు కాళ్ళూ కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమెకి ఒక పద్ధతి ఉంది. ఎవరు తాళంచెవి తెచ్చి ఇలాంటిదే ఇంకొకటి కావాలన్నా, "ఏ తలుపుది?" అని అడగకుండా మిషను తిప్పదు. దొంగలకి చేసిపెట్టకూడదని వాళ్ళ నాన్న పెట్టిన నియమం అది. ఆయనదీ ఇదే పని. జవాబు చెప్పేటప్పుడు మనిషి మొహంలోకే చూస్తుంది. తడబడ్డాడో, తాళంచెవి తిరిగి చేతిలో పెట్టి "మిషను పాడైంది" అంటుంది. ఆ మిషను ఈ వీధిలో పాడైనన్ని సార్లు ఇంకేదీ పాడవలేదు. ఈ పద్ధతిని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆమెకి రెండేళ్ళ వయసప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. అంతకుమించి ఆ సంగతి చెప్పదు. ఎవరైనా సానుభూతిగా "ఎప్పుడైందమ్మా?" అని అడిగితే, "మీకా బట్టతల ఎప్పుడైంది?" అని అంతే సానుభూతిగా అడుగుతుంది. నన్ను పొట్ట గురించి అడిగింది.

బడి గురించి మాత్రం చెప్పింది. ఐదో తరగతి దాకా గదులు కిందే ఉండేవి. ఆరు నుంచి మేడ మీద. నాన్న పొద్దున్నే వీపు మీద ఎక్కించుకెళ్ళి కూర్చోబెట్టి, సాయంత్రం వచ్చి దించుకెళ్ళేవాడు. మధ్యలో కిందికి దిగే దారి లేదు. అందుకని బడి ఉన్న రోజు నీళ్ళు తాగడం మానేసింది. మిగతా పిల్లలంతా ఆటలకి దిగిపోతే గదిలో ఆమె ఒక్కతే. ఊరికే కూర్చోగలిగే మనిషి కాదుగా, ఒకరోజు నేల మీద జరుగుతూ వెళ్ళి తలపిన్నుతో సైన్సు బీరువా తాళం తీసింది. ఏమీ తీసుకోలేదు. లోపలున్న అస్థిపంజరం మోచేతికి లెక్కల మాస్టారి గొడుగు తగిలించి, మళ్ళీ తాళం వేసి వచ్చి కూర్చుంది. బడి మొత్తం గగ్గోలైంది. ఆ సమయంలో మేడ మీద ఉన్నది ఆమె ఒక్కతే అయినా, ఆమెని అడిగినవాళ్ళే లేరు. "ఆ రోజు నాకు రెండు సంగతులు తెలిశాయి. తాళాలు నా మాట వింటాయి. జాలిపడేవాళ్ళకి కళ్ళు సరిగ్గా కనపడవు" అంటుంది.

ఎనిమిదో తరగతి మధ్యలో నాన్న నడుం పట్టేసింది. చదువు అక్కడితో ఆగిపోయింది. ఈ ముక్క మాత్రం నవ్వుతూ చెప్పదు.

ఇక మా ఆట సంగతి. వయసొచ్చిన మనుషులు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట ఇది. ఒకడు కథ నడిపిస్తాడు, అతన్ని మేం సూత్రధారి అంటాం. గుహలు, కోటలు, మంత్రగాళ్ళు, డ్రాగన్లు ఉన్న లోకాన్ని అతను వర్ణిస్తాడు. మిగిలినవాళ్ళం తలా ఒక పాత్ర అయి, ఆ లోకంలో ఏం చేస్తామో చెబుతాం. అనుకున్నది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎక్కువ పడితే జరిగినట్టు, తక్కువ పడితే బోర్లా పడ్డట్టు. మా ఆవిడ దీన్ని "కూర్చుని కోతలు కోయడం" అంటుంది. పెద్ద తేడా లేదు.

మా సూత్రధారి ఇళ్ళ ప్లాన్లు పాసు చేసే ఆఫీసులో పనిచేస్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి. వారమంతా జనం తెచ్చిన ప్లాన్లలో తప్పులు పట్టి, ఎర్ర సిరాతో "గాలి మార్గం చూపలేదు, తిప్పి పంపడమైనది" అని రాసి వెనక్కి పంపుతాడు. శనివారం మధ్యాహ్నం గళ్ళ కాగితం మీద తన గుహలు తనే గీసుకుని తనే పాసు చేసుకుంటాడు. మూడో మనిషి డ్రైవింగ్ స్కూలు మాస్టారు. స్కూటరుకి స్టాండు వేస్తేనే ఆయనకి ఆయాసం, ఆటలో మాత్రం గండ్రగొడ్డలి అనే వీరుడు. నేను కషాయం అనే వైద్యుణ్ణి. ఆడేది మాస్టారి స్కూల్లోనే, వీధి మట్టానికున్న గదిలో, గోడ మీది ట్రాఫిక్ గుర్తుల కింద.

ఒక శనివారం మాస్టారు తాళంచెవి లోపల వదిలేసి తలుపు లాగేశారు. అక్క వచ్చి నిమిషంలో తీసింది. తీసి, లోపల బల్ల మీదున్న గుహ బొమ్మ చూసింది.

"ఇందులో తాళాలున్నాయా?" అంది.

"పదకొండు" అన్నాడు సూత్రధారి.

"అయితే జరగండి."

అలా నాలుగో మనిషి చేరింది. సూత్రధారికి సంతోషం పట్టలేదు. "అక్కా, ఈ లోకంలో నువ్వేది కావాలంటే అది కావచ్చు. ఎగరొచ్చు, పరిగెత్తొచ్చు, గుర్రమెక్కొచ్చు" అన్నాడు.

"దొంగనవుతా."

"ఎలాంటి దొంగ?"

"చక్రాల కుర్చీలో ఉండే దొంగ. పేరు గొళ్ళెం."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. అప్పుడు నేను, వైద్యుణ్ణి కదా, పెద్ద మనసు చేసుకున్నాను. "గొళ్ళెమ్మా, నా సంచిలో సర్వరోగాలూ పోగొట్టే మందుంది. ఒక్క గుక్క తాగితే నీ కాళ్ళు నయం" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాటంటుంటే నా కళ్ళు కాస్త చెమర్చాయి కూడా.

"నయమైతే ఏం చెయ్యాలి?"

"నడవొచ్చు."

"నడిచి ఎక్కడికెళ్ళాలి? నా పని తాళాలు తియ్యడం. తాళంకప్ప ఎక్కడుంటుంది? కూర్చున్నదాని కళ్ళ ఎత్తులో ఉంటుంది. నిలబడి తీసేవాడికి నడుం వంగాలి. ఆ మందు నువ్వే ఉంచుకో వైద్యుడా, నాతో తిరిగితే నీ నడుముకి కావాలి."

నా గాలి మొత్తం తీసేసింది. ఆ రోజు నుంచి నా వైద్యుడు నడుం నొప్పి మనిషి.

ఆ గుహలోనే ఇంకో గొడవ వచ్చింది. పదకొండో తాళం నిధి గదిది. దానికి ముందు నలభై మెట్లు దిగాలి. సూత్రధారి మొహమాటపడుతూ, "నువ్వు పైనే ఉండి కాపలా కాయక్కా" అన్నాడు.

"కింద ఏముంది?"

"డ్రాగన్."

"ఎంత ఉంటుంది?"

"ఏనుగుకి మూడింతలు" అన్నాడు గర్వంగా.

"మెట్ల దారి వెడల్పు?"

"మూడడుగులు."

"మరి డ్రాగన్ ఏ దారిన లోపలికొచ్చింది?"

సూత్రధారి కాగితం మీది గళ్ళు లెక్కపెట్టాడు. మాస్టారు ఆదుకుందామని, "పిల్లగా ఉన్నప్పుడు దూరి లోపలే పెరిగుంటుంది" అన్నారు. "రోజుకో ఆవుని తింటుందని ఇందాకే చెప్పాడు. ఆవులు కూడా వరసగా మెట్లు దిగి వెళ్తున్నాయా? ఇంత బంగారం దిగిందంటే బండి మీదే దిగుంటుంది, బస్తాలు భుజాన వేసుకుని నలభై మెట్లు ఎవడు దిగుతాడు?" అంది అక్క. సూత్రధారి జేబులోంచి ఎర్ర కలం తీసి, తన ప్లాను మీద తనే "బండి దారి చూపలేదు, తిప్పి పంపడమైనది" అని రాసుకున్నాడు. ఆఫీసులో ఎంత నిక్కచ్చిగా ఉంటాడో ఇక్కడా అంతే. ఆ గుణం కోసమే అతన్ని భరిస్తున్నాం.

మరుసటి వారం గుహకి వెనక నుంచి బండి దారి వచ్చింది. నేనూ గండ్రగొడ్డలీ గోడలు పట్టుకుని నలభై మెట్లు దిగేసరికి, గొళ్ళెం ఏటవాలు మీంచి జర్రున దిగిపోయి, డ్రాగన్ వెనక నింపాదిగా పెట్టె తాళం తీస్తోంది.

అలాగని అక్క సుఖాలే అడుక్కునే రకం కాదు. బురద ఉందంటే "చక్రం దిగబడింది, పాచిక వెయ్యనీ" అని తనే గుర్తుచేసేది. ఒకసారి సూత్రధారి ముచ్చటపడి గొళ్ళేనికి గాల్లో తేలే మాయా కుర్చీ ఇచ్చాడు. మెట్లు, బురద, ఏదీ అడ్డం రావు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినట్టు నటించి, "బ్రేకులెక్కడ?" అంది. ఆ తర్వాత దాన్ని గండ్రగొడ్డలి సామాను మొయ్యడానికి ఇచ్చేసింది. "కుర్చీ అంటే నాకు కుర్చీయే కావాలి. అది మాయమైపోయే మాటైతే నేను ఇంకెవరిగానైనా ఆడేదాన్నిగా" అంది.

మూడేళ్ళు అలా గడిచాయి. మా సూత్రధారికి కాస్త కొమ్ములొచ్చాయి. ఇలాంటి ఆటలాడేవాళ్ళ సభ ఒకటి జరిగితే, వెళ్ళి మైకు పట్టుకుని, "మా బల్ల మీద బండి దారి లేని గుహే ఉండదు" అని చెప్పి చప్పట్లు కొట్టించుకొచ్చాడు. "తన కాళ్ళ మీద తాను నిలబడిన అక్క మాకు ఆదర్శం" అని కూడా అన్నాడట. ఆ మాట అక్క చెవిన పడింది. "నిలబడి ఉంటే నువ్వా సభకి వెళ్ళేవాడివే కాదు" అంది. నాలుక కరుచుకున్నాడు.

అక్క తల్లితో కలిసి ఉంటుంది. ఆ పెద్దావిడకి చూపు సరిగ్గా ఆనదు. "ఈ వయసులో దొంగతనాలేంటే నీకు" అని ప్రతి శనివారం తిట్టి, మంచం మీద సర్దుకుని కూర్చుని, "సరే, ఆ పెట్టెలో ఏముంది?" అని అడుగుతుంది. అక్క పూసగుచ్చినట్టు చెప్పాల్సిందే. ఒకసారి నా షాపులో అమ్మ మందులు తీసుకుంటూ అంది, "తమ్ముడూ, ఆరు రోజులు జనం తాళం తియ్యడానికి నన్ను పిలుస్తారు. శనివారం ఒక్కటే, పనేమీ లేకుండా నన్ను పిలుస్తారు." ఆ మాట అప్పుడు నవ్వుతూ విన్నాను. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఈ ఏడాది మాస్టారి స్కూలుకి గిరాకీ పెరిగింది. శనివారం మధ్యాహ్నం కొత్త బ్యాచి పెట్టి, చెప్పడానికి ఒక అసిస్టెంటుని కూడా చూసుకున్నారు. గది వాళ్ళకి వెళ్ళిపోయింది. మాకు వేరే చోటు కావాలి. సూత్రధారి వాళ్ళ మేనమామకి ఫోటో స్టూడియో ఉంది. దాని మీద ఒక గది ఖాళీగా ఉంది. పెద్ద కిటికీలు, చల్లటి గచ్చు, ఎంతసేపు అరుచుకున్నా అడిగేవాడు లేడు.

మీరు సరిగ్గానే చదివారు. దాని మీద. మేడ మీద. పద్దెనిమిది మెట్లు. మీకు వెంటనే తట్టింది, మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

ఎలా తట్టలేదో చెబుతాను, వింటే తల బాదుకుంటారు. సూత్రధారి ఆ గదిని కొలిచి ప్లాను గీశాడు. అందులో అక్క కోసం చెయ్యని ఆలోచన లేదు. కిటికీ పక్కన ఆమె చోటు, కుర్చీ చుట్టూ తిరగడానికి ఐదడుగుల గుండ్రటి జాగా, కుర్చీ చేతులు కిందికి దూరేలా బల్ల ఎత్తు రెండంగుళాలు పెంచాలని ఒక గమనిక. గుమ్మానికున్న గడప కూడా తీయించేశాడు. కాగితం మీద గది మొత్తం ఉంది, గదికి బయటున్నదేదీ లేదు. గది ప్లానులో మెట్లు రావు కదా. అతను గీసిందే చూశాడు, మేం అతను చూపించిందే చూశాం. ముగ్గురం కలిసి పప్పులో కాలేశాం.

అంతటితో ఆగామా? ఆ తలుపుకి ఉన్నది ఒకే ఒక్క తాళంచెవి. దాన్నీ, ప్లానునీ నాకిచ్చి, "అక్క చేత నాలుగు చేయించు, తలా ఒకటి" అన్నాడు సూత్రధారి. మంగళవారం పొద్దున నేనే తీసుకెళ్ళాను.

అక్క తాళంచెవి చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం అడిగింది.

"ఏ తలుపుది?"

"ఫోటో స్టూడియో పైన గదిది. మన కొత్త చోటు అదేగా!" అన్నాను హుషారుగా.

ఆమె నా మొహంలోకి చూసింది. నేనేం తడబడలేదు. తడబడాలని తెలిస్తేగా.

"ఎన్ని?"

"నాలుగు. అందరికీ."

"నాక్కూడానా?"

"భలేదానివక్కా, నీకు లేకుండానా?"

ప్లాను విప్పి చూపించాను. ఐదడుగుల జాగా, బల్ల ఎత్తు, తీయించేసిన గడప, అన్నీ వేలు పెట్టి చూపించాను. అక్క చాలాసేపు చూసింది. "అన్నీ చూసుకున్నాడే" అంది. "మరేమనుకున్నావు!" అన్నాను నేను. ప్లాను తన దగ్గర ఉంచుకుంటానంది. తాళంచెవులు కూడా శనివారం తనే తెస్తానంది. మిషను ఆ రోజు పాడవలేదు. నేను ఈల వేసుకుంటూ షాపుకి వచ్చేశాను. ఆ ఈల గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

శనివారం మూడింటికి మేం ముగ్గురం బల్లకి కొత్త గుడ్డ, పాచికలు, కాగితాలు మోసుకుంటూ మెట్లెక్కాం. తలుపుకి తాళం. అక్క రావాలి కదా అనుకుని అక్కడే నిలబడ్డాం. వీధిలోంచి నిటారుగా వచ్చే మెట్లు అవి, పై నుంచి చూస్తే కింద గుమ్మం కనపడుతుంది. కాసేపటికి కుర్చీ వచ్చి గుమ్మంలో ఆగింది.

"అక్కా, వచ్చేశాం, పైకి రా!" అని సూత్రధారి సంతోషంగా కేకేశాడు.

"వస్తున్నా" అంది అక్క. ఒళ్ళోని సంచిలోంచి తీరిగ్గా పాచిక తీసింది. "ఎంత పడాలో చెప్పు సూత్రధారీ."

"దేనికక్కా?"

"మెట్లెక్కడానికి."

మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. నా చేతిలో బల్ల గుడ్డ ఉంది, దాన్ని ఎందుకో గట్టిగా పట్టుకున్నాను. సూత్రధారి ఆ మెట్లని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"చెప్పవా? సరే, నేనే వేస్తున్నా." ఒళ్ళో పెట్టుకున్న చెక్క పలక మీద పాచిక దొర్లించింది. వంగి చూసింది. "ఇరవై! చూశారా, ఇరవై పడింది. ఇంతకంటే పెద్దది లేదు." తలెత్తి మెట్ల వైపు చూసింది. "ఇరవై పడినా ఇవి మెట్లలాగే ఉన్నాయే."

 

ముందు తేరుకున్నది మాస్టారు. "దీనికేముందమ్మా, నేనెత్తుకొస్తా. గండ్రగొడ్డలిని!" అంటూ రెండు మెట్లు దిగారు.

"వద్దు మాస్టారూ. మీరు ఎత్తుకురాగలరా లేదా అని కాదు. మా నాన్న రెండున్నరేళ్ళు మోశాడు, ప్రేమగానే మోశాడు. పైన కూర్చుని నేను నీళ్ళు తాగడం మానేశాను. మళ్ళీ ఇప్పుడు శనివారం శనివారం దాహం ఆపుకుని మీ ఆయాసం తీరేదాకా చూస్తూ కూర్చోలేను."

"ముందే చెప్పొచ్చు కదక్కా" అన్నాను నేను. ఇలాంటి మాట ఎవడో ఒకడు అంటాడు, ఆ రోజు అది నా వంతు.

"అడిగాను కదా తమ్ముడూ, ఏ తలుపుది అని."

నేను బల్ల గుడ్డ మడతలు సర్దుకున్నాను.

"మంగళవారం నుంచి చూస్తున్నాను" అంది. ఆమె గొంతులో వేళాకోళం పోయింది. "ఎవడో ఒకడు ఫోన్ చేసి 'అయ్యో' అంటాడని. గొళ్ళెం మెట్లెక్కలేదని మీ ముగ్గురికీ కంఠతా వచ్చు. దాని కోసం కొండలు తొలిచి దార్లు వేశారు. నేనెక్కలేనని ఒక్కడికీ గుర్తులేదు. నాకు ఏడుపొచ్చింది. శనివారం పోతే మా అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు."

సూత్రధారి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నట్టు దిగాడు. కిందికి వెళ్ళేసరికి అక్క అతని ప్లాను అతనికే అందించింది. దాని మీద అడ్డంగా, అతని ఆఫీసు భాషలోనే, ఎర్ర సిరాతో రాసుంది: "మెట్లు చూపలేదు. తిప్పి పంపడమైనది." కింద సంతకం, గొళ్ళెం.

నవ్వాలో ఏడవాలో తెలియక అతను రెండూ చేశాడు. "తప్పు నాదేనక్కా. ఈ గది వద్దు. ఇంకోటి వెతుకుతాను, వచ్చే వారానికి, లేదా..."

"వచ్చే వారం దాకా నేనాగను, ఈ కొత్త కోటలో నిధి గది తాళం సగంలో ఉంది" అంది అక్క. తర్వాత పైకి చూసింది. "మాస్టారూ, మీ దగ్గర బండి నేర్చుకునేవాళ్ళు ఎంతమంది?"

"ఈ బ్యాచిలో పన్నెండు మంది."

"మెట్లెక్కగలరా?"

"ఎందుకెక్కలేరు, లక్షణంగా..." అని మాస్టారు మధ్యలో ఆగిపోయి నోరెళ్ళబెట్టారు.

"బ్రేకు, క్లచ్చు కాలితోనే కదా తొక్కేది. ఎక్కుతారులెండి" అంది అక్క, తాళంచెవుల గుత్తి గలగలలాడిస్తూ.

మూడు వారాలుగా గదులు వెతికిన ముగ్గురం మగాళ్ళం, పాఠం పైకి పంపి ఆట కింద ఉంచుకోవచ్చని అనుకోలేదు. అరగంటలో అసిస్టెంటు ముందు నడుస్తుంటే పన్నెండు మంది పుస్తకాలు పట్టుకుని వరసగా పద్దెనిమిది మెట్లెక్కారు. అక్క గుమ్మం పక్కన కూర్చుని, "జాగ్రత్త, ఎడమ పక్కనే వెళ్ళండి" అని ఒక్కొక్కరినీ పైకి తోలింది. అసలు తాళంచెవితో పాటు మూడు కొత్తవి మాస్టారి చేతిలో పెట్టింది. నాలుగోది ఇవ్వలేదు. మేం పాత గదికి వెళ్ళి, ట్రాఫిక్ గుర్తుల కింద, నాలుగున్నరకి ఆట మొదలుపెట్టాం. ఆ రోజు గొళ్ళెం గండ్రగొడ్డలినీ కషాయాన్నీ ఒక గంటసేపు తలుపు బయట నిలబెట్టి, ఆ తర్వాతే తాళం తీసింది. ఎవరం కిక్కురుమనలేదు.

ఇప్పుడు మా సూత్రధారి ఏ గుహ గీసినా, ఏ కోట గీసినా, వీధి దగ్గర్నుంచి మొదలుపెడతాడు. సగం కాగితం దారికే పోతుంది. ఆఫీసులో కూడా అంతేనట. జనం తెచ్చిన ప్లాను తిప్పి చూసి, "ఇంతకీ లోపలికి ఎలా వస్తారు?" అని అడిగి ప్రాణాలు తోడేస్తున్నాడట. అక్కని ఆదర్శం అనడం మానేశాడు, ఎక్కడికైనా పిలిచేముందు ఫోన్ చేసి దారి ఎలా ఉందో చెప్పడం నేర్చుకున్నాడు.

నాలుగో తాళంచెవి అక్క కొట్లో, ఒక మేకుకి విడిగా వేలాడుతోంది. మొన్న అమ్మగారి మందులిస్తూ అడిగాను.

"ఆ రోజు నిజంగా ఇరవై పడిందా అక్కా?"

"నాలుగు" అంది.

"మరి ఇరవై అన్నావే! బల్ల దగ్గర ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు నువ్వు."

"బల్ల దగ్గరైతే అందరూ చూస్తారు తమ్ముడూ. మీరు మేడ మీదున్నారు. అంత పై నుంచి మీకేం కనపడుతుంది?"